మూకుడు మీద నిప్పులు

పౌర్ణమి వచ్చిందంటే గనిరాజు ఒకే ప్రశ్న అడిగేవాడు. "గురువమ్మగారూ, నాకు ఉపదేశం ఎప్పుడు?" సూరాంబగారిదీ ఒకే జవాబు. "చూద్దాంలే." ఇలా మూడేళ్ళు గడిచాయి. కాలవగట్టు మీద ఆమె పెంకుటింట్లో తొమ్మిదిమంది శిష్యులుండేవారు. గనిరాజు తర్వాత వచ్చిన ఇద్దరికి అప్పుడే ఆ ఉపదేశపు నాలుగు మాటలూ చెవిన పడ్డాయి. వాళ్ళలో ఒకడికి పట్టుమని పది పద్యాలు రావు. గనిరాజు కడుపుమంట అదే. నడుస్తున్న కొబ్బరికాయల కొట్టు అన్నగారి చేతిలో పెట్టి మరీ వచ్చినవాడు, ఉత్త చేతులతో ఏ మొహం పెట్టుకుని వెళతాడు? అలాగని ఉండనూ లేడు.

శ్రావణ పౌర్ణమినాడు పొద్దున్నే సంచీ సర్దుకుని వచ్చి అరుగు ముందు నిలబడ్డాడు.

"అమ్మా, చెప్తే ఇవాళ చెప్పండి. లేదంటే మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతాను. మూడేళ్ళనుంచీ మీ గుమ్మంలో మగ్గుతున్నాను."

సూరాంబగారు తలెత్తారు. "ఏం చేస్తున్నావూ?"

"మగ్గుతున్నానండి." మాట కాస్త ఎక్కువైందేమోనని లోపల బెదురు పుట్టింది గానీ, వెనక్కి తీసుకోలేదు.

ఆమెకి కోపం రాలేదు. వస్తే బాగుండునని గనిరాజుకి అనిపించింది కూడా. "సరే, వెళ్దువుగాని. పెరట్లో తాటిపండ్లు రాలి ఉన్నాయి. రొట్టె వేసి, నాకింత పెట్టి, నువ్వూ తిని వెళ్ళు," అన్నారామె.

తాటిరొట్టె అతను తినడమే గానీ ఎన్నడూ వేసి ఎరగడు. ఆమె అరుగు మీంచి చెప్తూ ఉంటే చేసుకుపోయాడు. పండు పిసికి పీచులోంచి గుజ్జు తీశాడు. బియ్యపు రవ్వ, బెల్లం, కొబ్బరికోరు కలిపాడు. ఇత్తడి గిన్నెలో అరిటాకు పరిచి, పిండి పోసి, కుంపటి మీద పెట్టాడు.

"ఇప్పుడు మట్టి మూకుడు మూసి, దాని మీద కూడా నిప్పులు పొయ్యి. కింద సెగ ఎంతో పైన సెగా అంత ఉండాలి. మూత పెట్టి మగ్గనివ్వు, అంతే."

"అయిందని ఎలా తెలుస్తుందమ్మా?"

"తెలుస్తుందిలే."

ఆ మాట అతనికి నచ్చలేదు. 'చూద్దాంలే'కి అది చెల్లెలిలా వినిపించింది. కాసేపు కాలుగాలిన పిల్లిలా పెరడంతా తిరిగి, పట్కారుతో నిప్పులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి, మూకుడు ఎత్తి చూశాడు. పిండి పిండిలాగే ఉంది. మళ్ళీ మూశాడు, మళ్ళీ నిప్పులు పేర్చాడు. ఇంకాసేపటికి మళ్ళీ చూశాడు. మూడోసారి మూకుడు ఒరిగి గుప్పెడు బూడిద పిండిలో పడింది. నాలుగోసారి తీసేసరికి అడుగున మాడు కంపు. పైన వేలు పెడితే తడి. గనిరాజు మొహమూ మాడింది.

"పాడైపోయిందండి," అన్నాడు.

సూరాంబగారు దిగి వచ్చి చూశారు. గరిటెతో పైన బూడిద గీకేశారు. కుంపట్లో నిప్పులు సగం తీసి మూకుడు మీదకి ఎక్కించారు. పీట వాల్చుకుని ఎదురుగా కూర్చున్నారు. గనిరాజు కూడా చతికిలబడ్డాడు. గట్టు మీద బస్సు హారన్ వినిపించింది. అతను సగం లేచాడు. సగం కాలిన రొట్టెని వదిలిపోవడానికి మనసొప్పలేదు. బస్సు వెళ్ళిపోయింది.

చాలాసేపటికి బెల్లం, తాటిపండు కలిసిన వాసన మొదలై, ఇల్లు దాటి వీధిలోకి పోయింది. పిలవకుండానే మిగతా శిష్యులు ఒక్కొక్కరే పెరట్లోకి వచ్చారు.

"ఇప్పుడు తియ్యి," అన్నారు సూరాంబగారు.

అడుగున ఒక పొర మాడినా, పైనంతా ఎర్రగా కాలింది. ఆమె మాడు గోటితో గిల్లేసి ముక్క నోట్లో వేసుకున్నారు. గనిరాజు ఉండబట్టలేకపోయాడు.

"మరి నా సంగతేంటమ్మా?"

"మగ్గుతున్నానంటివే," అన్నారామె తింటూనే. "ఎన్నడైనా మూత ఉండనిచ్చావుట్రా?"

గనిరాజుకి సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. సాయంత్రం సంచీ లోపల పెట్టుకున్నాడు. భాద్రపద పౌర్ణమికి నాలుక కొరుక్కుని ఊరుకున్నాడు. ఆ తర్వాతి పౌర్ణమికీ అంతే, కష్టం మీద. కార్తీకంలో ఒకరోజు పెరట్లో కొబ్బరి పీచు వలుస్తూ కూర్చుని, అది పౌర్ణమి అన్న సంగతే మరిచిపోయాడు. సూరాంబగారు గుమ్మంలో నిలబడి చాలాసేపు అతన్నే చూశారు. కుంపటి వెలిగించలేదు, పొయ్యి మీద ఏమీ లేదు.

"ఒరే గనిరాజూ, చేతులు కడుక్కుని ఇలా రా," అన్నారు. "ఎక్కడో వాసన వస్తోంది."