ఉయ్యాల కట్టిన మడచెట్టు

అనగనగా ఒక ఊళ్ళో, ఊరికీ సముద్రానికీ మధ్య మడచెట్ల అడవి ఉన్న ఊళ్ళో, నూకాలనే ఒకావిడ ఉండేది. ఇసుక మీద చేపలు ఎండబెట్టేది. ఇంట్లో చూసే దిక్కు లేక, చంటిపిల్ల కడలమ్మని మడచెట్టుకి చీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టేది. బిడ్డ ఊగే చెట్టు మీద కత్తి వెయ్యకూడదని ఆ ఊరి కట్టు.

ఒక ఏడాది వలలు తెగేంత చేప పడింది తల్లీ. ఎండేలోపే కుళ్ళిపోతోంది.

అప్పుడు కులపెద్ద ఎల్లాజీ, "గాలికి అడ్డం ఈ మడే. కొట్టెయ్యండి!" అన్నాడు. అందరూ కొట్టారు. నూకాలూ కొట్టింది. ఉయ్యాల చెట్టొక్కటే మిగిలింది.

చేప గలగలా ఎండింది. ఊరంతా పండగే.

ఆ తర్వాత కొంగలు వెళ్ళిపోయాయి. ఆ తర్వాత పీతలూ, రొయ్యపిల్లలూ, చేపలూ పోయాయి. ఆ తర్వాత పోటునీళ్ళు, అడ్డం లేక, ఊళ్ళోకొచ్చి మంచినీళ్ళ బావిలో కలిశాయి.

అప్పటికి కడలమ్మకి మాటలొచ్చాయి. ఒక గుక్క తాగి ఉమ్మేసింది. "అమ్మా, నీళ్ళు ఏడిసినట్టున్నాయే."

నూకాలు తనూ ఒక గుక్క తాగి చూసింది. ఉప్పు.

"మనుషులం, ఎక్కడైనా బతుకుతాం. ఊరు ఎత్తేద్దాం" అన్నాడు ఎల్లాజీ.

"ఎక్కడికి మావా? అక్కడికీ ఈ కత్తి పట్టుకునే పోతాం కదా!" అంది నూకాలు.

అప్పుడు నూకాలు ఉయ్యాల చెట్టు దగ్గరికెళ్ళి తలెత్తి చూసింది. ఆ చెట్టు గింజని ఊరికే వదలదు. కొమ్మ మీదే మొలకెత్తించి, మునక్కాడంత చేసి, ఇక నిలబడుతుందన్నాకే బురదలోకి జారవిడుస్తుంది.

"నాకంటే ఓపికైన తల్లివే" అని, ఆ మొలకలు ఏరి బురదలో నాటింది.

మొదటిసారి పోటు ఎత్తుకుపోయింది. రెండోసారి గేదెలు మేశాయి. ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు. "ఏటే నూకాలూ, సముద్రంలో మునక్కాడల పులుసు పెడతన్నావేటి?"

మూడోసారి నూకాలు తన పాత వల చింపి, మొలక పక్కన పుల్ల గుచ్చి, ఆ పేలికతో కట్టి, గేదెలు రాకుండా చుట్టూ ముళ్ళకంప పెట్టింది. వల చాల్లేదు. అప్పుడు ఎల్లాజీ మోకాలి లోతు బురదలోకి దిగి తన వల అందించాడు. "ఎలాగూ ఖాళీదే కదే, చింపు."

ఆ తర్వాత ఊరంతా దిగింది.

మడ పెరిగింది. కొంగ వచ్చింది, పీత వచ్చింది, బావి నీళ్ళు తియ్యనయ్యాయి. కడలమ్మ కూడా పెరిగి, పెళ్ళయి, ఇప్పుడు కడుపుతో ఉంది.

అప్పుడొచ్చింది ఉప్పెన, తాటిచెట్టంత! ఊరంతా ఇసుకదిబ్బ ఎక్కింది. మొదటి కెరటం మడని వంచింది. రెండోది కొమ్మలు విరిచింది. మూడోది వేళ్ళలో చిక్కుకుని, రొప్పి రొప్పి, పిల్లిలా దిబ్బ దాకా వచ్చి, నూకాలు పాదాలు నాకి వెనక్కిపోయింది. ఒక్క ప్రాణం పోలేదు.

"నిలబడ్డాం రా!" అని ముసలి ఎల్లాజీ గెంతులేశాడు.

"మడ నిలబెట్టింది, మావా" అంది నూకాలు. అని తనూ గెంతింది.

మనవడు పుట్టగానే మడచెట్టుకే ఉయ్యాల కట్టింది. ఇప్పుడా ఊళ్ళో ఒక్కో బిడ్డకి ఒక్కో చెట్టు. ఆ బిడ్డ బతికున్నంత కాలం దాని మీద కత్తి పడదు. బిడ్డలు పుడుతూనే ఉన్నారు, అడవి పెరుగుతూనే ఉంది.

కెరటం కడలికి, కొంగ మడకి,
కథేమో కంచికి, మనమేమో ఇంటికి,
నా బంగారు తల్లి నిద్దరకి.