దిగమని చెప్పలేని ఎరకయ్య

గెడ్డవలసలో ఎరకయ్య అనే తప్పెటగుళ్ల ఆటగాడు ఉండేవాడు; ఒంట్లో ఎద్దంత బలం ఉండేది గానీ, తనకు బాగోలేదని నోరు తెరిచి చెప్పడం మాత్రం చచ్చినా చేతనయ్యేది కాదు.

తప్పెటగుళ్ల ఆట అందరూ ఆడగలిగేది కాదు. రొమ్మున రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకు గజ్జెలు తొడుక్కుని, అరచేతులతో వాయిస్తూ, గంతులేస్తూ పాడాలి. ఆట రక్తి కట్టాక మనుషుల మీద మనుషులు నిలబడి గోపురం కడతారు. కింద నలుగురు, వాళ్ల భుజాల మీద ఇద్దరు, ఆ ఇద్దరి మీద ఒకడు. ఎరకయ్య కింది వరసలో నడుమ నిలబడేవాడు. పైన నిలబడేవాడు అతని చెల్లెలు చిట్టెమ్మ మొగుడు పోలయ్య. బక్కపలచని మనిషి.

"మా బావ కొండరా! కొండెక్కినోడికి బయ్యమేటి?" అని పోలయ్య ఊరంతా చెప్పుకునేవాడు.

ఆ మాట వింటే మొదట్లో ఎరకయ్యకు ఛాతీ ఉప్పొంగేది. తర్వాత తర్వాత అదే మాట గుండెల మీద బరువైంది.

ఒక వేసవిలో గొర్రెల సంతకు వెళ్లాడు. బేరం ఆడుతుండగా, ఏ కారణమూ లేకుండా, గుండె దడదడ కొట్టుకుంది. వేళ్లు తిమ్మిరెక్కాయి. ఎంత పీల్చినా గాలి చాలలేదు. ఇదిగో, ఇక్కడే చచ్చిపోతున్నాను అనుకున్నాడు. కాళ్లు నిలవక గొర్రెల మధ్య కూలబడ్డాడు. కాసేపటికి అదే తగ్గింది.

"ఏటిరా, కూకుండిపోయావు?" అని పక్కవాడు అడిగాడు.

"గొర్రె పళ్లు చూస్తున్నాను" అన్నాడు ఎరకయ్య.

తర్వాత అది బస్సులో వచ్చింది. పెళ్లి పందిట్లో వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక సాకు చెప్పి తప్పుకున్నాడు. రొమ్ములో ఏదో వదులైపోయిందని తనకు తానే తేల్చుకున్నాడు. ఆట రోజున తప్పెట కింద పాత పంచె ఒకటి చుట్టి, ఊపిరి ఆడనంత గట్టిగా బిగించేవాడు. కడుపులో తిప్పుతుందేమోనని పొద్దుటి నుంచి ఏమీ తినేవాడు కాదు. జబ్బును దాచుకున్నవాడు వైద్యుణ్ని ఎలా అడుగుతాడు? సొంత వైద్యమే చేసుకుంటాడు. ఎరకయ్యను ముంచింది ఆ వైద్యమే.

పొరుగూరి గంగమ్మ పండగలో ఆట పెట్టారు. మిట్టమధ్యాహ్నం, మాడ్చేసే ఎండ. గోపురం లేచింది. పోలయ్య పైకెక్కి నిలబడి తప్పెట వాయించగానే జనం ఈలలు వేశారు. సరిగ్గా అప్పుడే ఎరకయ్యకు గుండె దడ మొదలైంది. మోకాళ్లు వణికాయి.

"బావా, కదులుతున్నావేటి?" పైనుంచి పోలయ్య అరిచాడు.

"గాలిరా!" అన్నాడు ఎరకయ్య.

ఆకు కూడా కదలని వేళ అది. దిగమని ఒక్క మాట అంటే ముగ్గురూ దిగిపోయేవారు. ఎరకయ్య ఆ మాట మింగేశాడు. కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. నిలువునా కూలిపోయాడు. గోపురమంతా అతని మీద కూలింది.

కళ్లు తెరిచేసరికి ముఖం నిండా పసుపునీళ్లు, చుట్టూ వేపరెమ్మలు. జనం చేతులు జోడించి నిలబడ్డారు. పైట సర్దుకుంటూ ఒక ముసలమ్మ ముందుకొచ్చి, "తల్లీ, పండగనాడు మనిషి మీదికొచ్చావా! ఏటి కావాలమ్మా? మేకా, కోడా?" అని అడిగింది.

ఎరకయ్యకు సంగతి అర్థమైంది. తను మూర్ఛపోతే వీళ్లు అమ్మవారు పూనిందనుకున్నారు. ఓ పక్క పోలయ్య విరిగిన చెయ్యి పట్టుకుని మూలుగుతున్నాడు. ఇప్పుడు నిజం చెబితే ఆ చెయ్యి విరిగిన పాపం తన మీద పడుతుంది. చెప్పకపోతే అమ్మవారి మీద పడుతుంది.

"కోడి చాలు" అన్నాడు ఎరకయ్య.

పోలయ్య అంత నొప్పిలోనూ పొంగిపోయాడు. "మా బావ మీదికి తల్లే వచ్చింది!" అన్నాడు. చిట్టెమ్మ మాత్రం అన్న ముఖంలోకి సూటిగా చూసింది.

"కోడి కావాలంటే అడిగితే ఇస్తాం కదన్నా. నా మొగుడి చెయ్యి ఇరగ్గొట్టి అడగడమేటి?"



పోలయ్య చేతికి కట్టు విప్పించడానికి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, ఖాళీ వరండాలో, ఎరకయ్యకు మళ్లీ వచ్చింది. బల్ల అంచు పట్టుకుని ఒగరుస్తుంటే డాక్టరమ్మ చూసింది. లోపలికి తీసుకెళ్లి గుండె పరీక్ష చేయించింది. ఏం జరుగుతోందని గుచ్చి గుచ్చి అడిగింది. గదిలో మరెవరూ లేరు కాబట్టి ఎరకయ్య అంతా చెప్పాడు.

"నీ గుండె బాగుంది" అంది డాక్టరమ్మ. "కుక్క తరిమితే ఒళ్లు పరుగుకు సిద్ధమవుతుంది కదా? నిన్ను ఏదీ తరమకుండానే నీ ఒళ్లు అలా సిద్ధమైపోతోంది. దీన్ని పానిక్ అటాక్ అంటారు. చచ్చిపోతున్నట్టు ఉంటుంది. చావవు."

"మరి ఆవేళ పడిపోయానమ్మా!"

"ఖాళీ కడుపు, పైన ఎండ, రొమ్ముకు ఉరితాడులాంటి ఆ పంచె. ఎవరైనా పడతారు. ముందు ఆ పంచె మానెయ్. తిని వెళ్లు. అది వచ్చినప్పుడు కూర్చో. పీల్చిన గాలిని మెల్లమెల్లగా వదులు. దానితో పోట్లాడకు. పెరుగుతుంది, నిలుస్తుంది, దిగిపోతుంది. పక్కనున్నవాళ్లకు చెప్పు. మళ్లీ వచ్చి కనపడు, మందు కావాలో వద్దో చూద్దాం."

ఎరకయ్య పంచె మానేశాడు. వేళకు తిన్నాడు. ఊపిరి మెల్లగా వదలడం నేర్చుకున్నాడు. అన్నీ చేశాడు గానీ పక్కనున్నవాళ్లకు చెప్పడం ఒక్కటి చేయలేదు.

ఈలోగా అతని పేరు నాలుగూళ్లకు పాకింది. ఒక పెద్ద ఊరి పండగవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు.

"అమ్మవారు పూనే మనిషి మీ జట్టులోనే కదా? గోపురం కింది వరసలో ఆయనే నిలబడాలి. అందుకే వచ్చాం" అన్నారు.

జట్టు గురువు దాలయ్య ముసలివాడు, ముక్కుసూటి మనిషి. ఎరకయ్యను పక్కకు పిలిచాడు. "అమ్మవారి సంగతి నాకు తెల్దు. నీ ఒంటి సంగతి నీకు తెలుస్తాది. నిలబడగలవేటిరా?"

"నిలబడతాను తాతా."

"సూసుకో. నీ కింద మట్టుంది. నీ మీద మనుషులున్నారు."

పండగనాడు జనం ఇసకేస్తే రాలకుండా ఉన్నారు. కింది నలుగురూ భుజాలు కలిపారు. ఇద్దరు పైకెక్కారు. పోలయ్య ఎరకయ్య తొడ మీద కాలు పెట్టి, భుజం పట్టుకున్నాడు. కట్టు విప్పిన ఆ చెయ్యి రెండో చెయ్యి కంటే సన్నబడి, పాలిపోయి ఉంది. అది ఎరకయ్య కళ్లకు ఎదురుగా ఉంది.

"అమ్మవారు నీ మీదుండగా నాకేటి బావా!" అని పోలయ్య నవ్వాడు.

ఎరకయ్య గుండె దడదడలాడింది. ఊపిరి మెల్లగా వదిలాడు. తగ్గలేదు. మళ్లీ వదిలాడు. భుజాల మీద బరువు ఉండగా అది తగ్గదని తెలిసిపోయింది. ఇటు చూస్తే వేలమంది జనం. అటు చూస్తే ఆ సన్నని చెయ్యి. చెమటలు కారుతుండగా అతను నోరు తెరిచాడు.

"దిగండి!"

వాయిద్యం ఆగిపోయింది. "ఏటైందిరా?" అన్నాడు దాలయ్య.

"నాకు బయ్యమేస్తంది తాతా. గుండె దడ. నిలబడలేను. దిగండి!"

పోలయ్య నేల మీదికి గెంతాడు. పైనున్న ఇద్దరూ దిగారు. ఎరకయ్య అక్కడే చతికిలబడ్డాడు. పండగ పెద్ద పరిగెత్తుకొచ్చి, "అమ్మవారు వస్తున్నట్టుంది! వేపరెమ్మలు తెండి!" అని కేకేశాడు.

ఎరకయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మవారు కాదు బాబూ. ఆవేళా కాదు. నాది బయ్యం జబ్బు. కోడినడిగింది కూడా నేనే."

 జనంలోంచి ఎవడో, "మరైతే కోడిని తిన్నదెవడ్రా?" అన్నాడు. నవ్వులు లేచాయి. పండగ పెద్ద ముఖం గంటు పెట్టుకున్నాడు. కొందరు లేచి వెళ్లిపోయారు. ఎరకయ్య ఇన్నాళ్లూ దేనికి భయపడ్డాడో అది జరిగింది. జరిగినా అతను బతికే ఉన్నాడు.

పోలయ్య నిలబడే ఉన్నాడు. "అయితే నేనెక్కింది నీ బుజం మీద కాదు బావా, నీ అబద్దం మీద" అన్నాడు.   ఎరకయ్య ఒళ్లంతా వణుకుతోంది.  అది చూసి పోలయ్య పక్కన గొంతుక్కూర్చుని అతని తప్పెట ముడి విప్పి, "ఏటి సెయ్యాలి? సెప్పు" అన్నాడు.

"ఏటీ వద్దు. కూకో. దానంతటదే దిగుతాది."

ఇద్దరూ కూర్చున్నారు. దడ పెరిగింది. ఇంకా పెరిగింది. ఒకచోట నిలిచింది. ఆ తర్వాత ఇసకలో నీళ్లు ఇంకినట్టు ఇంకిపోయింది. ఎరకయ్య మంచినీళ్లు తాగాడు.

మిగతావాళ్లు గోపురం కట్టకుండానే ఆట ముగించాక దాలయ్య వచ్చాడు. "బయ్యం వొచ్చినందుకు నిన్నేటీ అనను. అది ఎవుడి సేతిలోనూ లేదు. నిలబడగలవా అని అడిగితే నిలబడతానన్నావే, దానికి అంటాను. ఈ యేడంతా గోపురం కింద నీకు చోటు లేదు. ఎనక నిలబడి వంత పాడు."

ఎరకయ్య తల వంచి ఒప్పుకున్నాడు. ఇంటికి వెళ్లి చెల్లెలికి కూడా అంతా చెప్పాడు. 

"ఆట రోజుల్లో కాళీ కడుపుతో ఎల్లేవోడివా?" అని చిట్టెమ్మ అడిగింది. "నాకు సెప్పుంటే ఇంత గంజైనా పోసి పంపేదాన్ని కదన్నా!" అని కళ్లు తుడుచుకుంది. జనం నవ్వినప్పుడు రాని కన్నీళ్లు ఎరకయ్యకు అప్పుడొచ్చాయి.

ఏడాది తిరిగాక అతను మళ్లీ కింద నిలబడ్డాడు. ఆసుపత్రికి వెళ్లడం మానలేదు. ఆ దడ పూర్తిగా పోనూ లేదు. రావడం మాత్రం తగ్గింది. అది వచ్చేటట్టు ఉన్న రోజున, "ఇయ్యాల నేను కాదు" అని ముందే చెప్పేవాడు. అతని చోట ఇంకొకడు నిలబడేవాడు. అతన్ని చూసి జట్టులో మిగతావాళ్లూ నోరు విప్పారు. కండలు తిరిగిన సన్నాసి ఒకనాడు, "రాత్రి నుంచి జొరం తాతా, నా మీద ఎవరూ ఎక్కొద్దు" అన్నాడు. దాలయ్య అతన్ని ఇంటికి పంపేశాడు. గెడ్డవలస గోపురం ఆ తర్వాత కూలలేదు.

నీతి: భయం ఎంతటి బలవంతుడికైనా వస్తుంది, అందులో సిగ్గుపడవలసింది లేదు, కానీ మనల్ని నమ్ముకుని నిలబడ్డవాళ్లకు ఆ సంగతి వేళకు చెప్పకుండా దాచడం మాత్రం తప్పే.