ఎలుగు ఈరన్న నాలుగు గడపలు

నోరులేని జీవాలకు కథల్లో నోరిచ్చినవాడు మల్లన్న. ఆయనకో దండం పెట్టుకుని మొదలుపెడతాను. వెనకున్నవాళ్లు కాస్త ముందుకు జరగండి తల్లీ, ఇది గట్టిగా అరిచి చెప్పే కథ కాదు.

నల్లమల లోపల, వాగు రెండుగా చీలే చోట ఒక గుహ. అందులో ఈరన్న అనే ఎలుగు ఉండేవాడు. పెళ్లాం పోయి మూడేళ్లు. పిల్లల్లేరు. ఒంటినిండా జుట్టే గానీ, చెప్పుకోడానికి చుట్టమంటూ లేడు. తేనె పడతాడు, కుంకుడుకాయలు ఏరతాడు, సాంబ్రాణి జిగురు గీకుతాడు, కృష్ణమ్మ ఒడ్డున చేపలు ఎండబెడతాడు. అన్నీ నెట్‌లో అమ్ముతాడు. అవును నాయనా, అడవిలోకీ నెట్ వచ్చింది. మన ఊరికంటే ముందే వచ్చింది.

పెళ్లాం బతికున్న రోజుల్లో పోరుపెట్టి 'ఈరన్న అంగడి' అని డొమైన్ కొనిపించింది. డొమైన్ అంటే మరేం లేదు, నెట్‌లో మన అంగడికి ఉండే పేరు. ఆ పేరు కొడితే ఎవరైనా మన గడపకే వస్తారు. ఏడాదికోసారి దాన్ని మళ్లీ రాయించుకోవాలి. మరిచిపోయామా, ఎవరు ముందడిగితే వాళ్లది.

ఆర్డర్ రాగానే ఫోన్ టింగుమంటుంది. ఆర్డర్ కింద రెండు మాటలు రాయడానికి కాస్త చోటుంటుంది. ఈరన్న సరుకు తర్వాత చూసేవాడు, ముందు ఆ మాటలు చదివేవాడు. "మామా, దగ్గు తగ్గిందా" అని కుందేలు. "పోయినసారి తేనె వేపపూతదా, చేదెక్కింది" అని కోతి. "నాకో చుక్క చాలు నాయనా, ఎప్పట్లాగే" అని గట్టు అవతలి పుట్టలో ఉండే ముసలి చీమ పిపీలమ్మ. గుహలో అలికిడంటే ఆ మాటలే.

ఒకరోజు కొంగస్వామి నుంచి ఆర్డర్ వచ్చింది. కొండమీద గుడిలో అభిషేకం చేసేది ఆయనే. కింద ఇలా రాశాడు: "పంచామృతానికి తేనె కోసం నీ అంగడి తెరిస్తే పక్కనే ఎండుచేపల బొమ్మ. రామరామ. ఇలాగైతే వేరేచోట చూసుకుంటాను."

ఈరన్న ఆ మాట రెండుసార్లు చదివాడు. ఒక్కడు పోతే ఒక టింగు పోయినట్టే కదా. ఆ బాధ వెళ్లి వెళ్లి ఎవరి చెవిన వేశాడూ? నక్క శేషాచలం చెవిన. అడవిలో అందరి వెబ్‌సైట్లూ చూసుకునేది వాడే.

"మామా, నీకు లేనిది సరుకు కాదు, పద్ధతి" అన్నాడు శేషాచలం. "నాలుగు సరుకులకి నాలుగు డొమైన్లు పెట్టు. 'అడవి తేనె' ఒకటి, 'కొండ కుంకుడు' ఒకటి, 'సాంబ్రాణి ధూపం' ఒకటి, 'కృష్ణ ఎండుచేపలు' ఒకటి. ఒకదాని వాసన ఇంకోదానికి తగలదు."

"మరి పాతది?"

"ఈరన్న అంగడి అంటే ఏం తెలుస్తుంది మామా? తేనె అమ్ముతావో జుట్టు అమ్ముతావో. మూసెయ్."

"అది మీ అత్త పెట్టిన పేరురా అల్లుడా."

"అత్తయ్య మనసులో ఉంటే చాలదా, నెట్‌లో కూడా ఉండాలా? నువ్వు తేనె చూసుకో. ఈ రాయించడాలూ అవీ నేను చూసుకుంటా."

ఈరన్న తలూపాడు. నాలుగు పేర్లూ రాయించింది శేషాచలమే. ఎవరి పేరున రాయించాడో ఈరన్న అడగలేదు. మనం మాత్రం అడుగుతామా? మంచిగా మాట్లాడినవాణ్ణి కాగితం చూపించమనడానికి మనకు మొహమాటం.

పాత అంగడికి తాళం పడింది. కొత్తవి నాలుగూ తళతళలాడుతూ తెరుచుకున్నాయి.

మొదటిరోజు ఈరన్న స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ఫోన్ ఎదురుగా రాతిమీద ఆనించి కూచున్నాడు. టింగు లేదు. రెండోరోజూ లేదు. కొత్త పేర్లు ఎవరికి తెలుసు? పాత అంగడిలో ఏళ్ల తరబడి జనం రాసిన మంచిమాటలన్నీ ఆ తాళం వెనకే ఉండిపోయాయి. కుంకుడు అంగడి తెరిచి చూశాడు, ఖాళీ. సాంబ్రాణి అంగడి, ఖాళీ. మధ్యలో ఒకసారి ఫోన్ పాడైందేమోనని తనకు తనే ఆర్డర్ పెట్టుకున్నాడు. టింగుమంది. కింద రాసే చోట ఏం రాయాలో తోచక "బాగున్నావా ఈరన్నా" అని రాసుకున్నాడు. చదువుకుని ఫోన్ బోర్లా పెట్టేశాడు.

ఒంటరితనం ఒక్క గడపకే బరువు నాయనా. ఈయన నాలుగు గడపల్లో ఒంటరిగా కూచున్నాడు.

పదహారో రోజు పొద్దున గుహ ముందు సన్నటి గొంతు వినిపించింది.

"ఈరన్నా, ఉన్నావా, పోయావా?"

వంగి చూస్తే పిపీలమ్మ. గట్టు అవతల నుంచి మూడురోజులు నడిచి వచ్చింది. మీసాలకు దుమ్ము.

"అవ్వా, నువ్వేంటి ఇంతదూరం?"

"నీ అంగడికి తాళం. పోయావనుకున్నాం నాయనా. కుందేలైతే పదకొండోరోజున పిండం కూడా పెట్టింది."

ఈరన్న ఇంకా కిందికి వంగి అడిగాడు. "కాకి ముట్టిందా?"

"ముట్టింది. అది దేన్నయినా ముడుతుంది."

ఈరన్న నవ్వబోయాడు. నవ్వు రాలేదు, దగ్గు వచ్చింది. దగ్గుతూనే కొంగస్వామి కోపం, శేషాచలం సలహా, నాలుగు పేర్లు, అన్నీ చెప్పాడు.

పిపీలమ్మ మీసాలు తుడుచుకుంది. "ఇంట్లో ఎలకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నావు కదరా. మా పుట్ట చూశావా ఎప్పుడైనా?"

"పైనుంచి చూశా."

"పైన ఒకటే ద్వారం. లోపల నలభై గదులు. నూకలకో గది, గుడ్లకో గది, బెల్లానికో గది. ఎవరొచ్చినా ఆ ద్వారం దగ్గరికే వస్తారు, ఏ గది కావాలో అక్కడ చెబుతాం. నీ నెట్‌లో కూడా ఉంటుందటగా, సబ్‌డొమైన్ అని. అదీ గదే. తేనెకి ఒకటి, కుంకుడుకి ఒకటి, సాంబ్రాణికి ఒకటి, అన్నీ ఈరన్న అంగడి అనే పేరు కిందే. పేరు మీద ఉన్న నమ్మకం గది గదికీ పాకుతుంది."

"మరి చేపలు?"

"మా పుట్టలో ఒక్కదానికి మాత్రం గది ఉండదు. చచ్చినవాళ్లకి. వాళ్లని ద్వారం దాటించి, దూరంగా వేరేచోట పెడతాం. ప్రేమ లేక కాదు, బెల్లం పక్కన పెట్టలేక. నీ చేపలకీ అంతే, వేరే డొమైన్. వేరు చెయ్యాల్సింది ఒక్కటైతే నువ్వు నాలుగూ చీల్చుకున్నావు."

"నీకివన్నీ ఎలా తెలుసు అవ్వా?"

"నీకు ఆర్డర్ పెట్టాలంటే ఒక్కో అక్షరం మీదికి ఆరుగురం ఎక్కి దూకాలి. అంత కష్టపడ్డాక తెలియకుండా ఎలా ఉంటుంది?" అని, గొంతు తగ్గించింది. "అది సరే, పాత పేరు గడువు ఎప్పటిదాకా?"

ఈరన్న వెతికి చూశాడు. ఆ రోజు సాయంత్రం దాకానే.

తనే, ఎవర్నీ పిలవకుండా, ఒక్కో గీతా నింపుకుంటూ పోయాడు. యజమాని పేరు దగ్గర తన పేరు రాసుకున్నాడు. ఎన్నేళ్లకి అని అడిగితే పదేళ్లకి అని నొక్కాడు. అంతకంటే ఎక్కువ అడిగితే అదీ నొక్కేవాడే. ఎండుచేపలకి వేరే ఒక పేరు, అదీ తన పేరునే. తర్వాత పాత అంగడి లోపల తేనెకి, కుంకుడుకి, సాంబ్రాణికి తలో గది పెట్టి తాళం తీశాడు.

మర్నాడు తెల్లారేసరికి శేషాచలం ఊగుతూ వచ్చాడు. చంకలో కొత్త బోర్డు. తడి ఇంకా ఆరని అక్షరాలు: 'ఈరన్న అంగడి, యజమాని: శేషాచలం'. గడువు దాటగానే పేరు తన చేతికి వస్తుందని మొదటిరోజు నుంచే లెక్కేసుకున్నాడు పాపం.

"అది ఎవరి కోసంరా అల్లుడా?" అన్నాడు ఈరన్న.

శేషాచలం బోర్డు వెనక్కి తిప్పాడు. రంగు పొట్టకి అంటుకుంది. "ఏం లేదు మామా. పేరు పోతుందేమోనని కాపాడదామని..."

"పోలేదు. పదేళ్లు పోదు."

శేషాచలం గొంతు మారింది. "అయితే ఆ నాలుగు డొమైన్లూ నా పేరున ఉన్నాయి. కావాలంటే బాడుగ కట్టు."

"వద్దులేరా. నువ్వే ఉంచుకో. నాలుగూ తళతళలాడుతున్నాయి."

అప్పుడే ఫోన్ టింగుమంది. మళ్లీ టింగు. కుందేలు: "మామా, పిండం పెట్టినందుకు ఏమనుకోకు, దగ్గు తగ్గిందా." కోతి: "బతికావా, అయితే రెండు సీసాలు." కొంగస్వామి తేనె గదిలోంచి అభిషేకానికి అర్ధశేరు అడిగాడు. అవతల చేపల డొమైన్‌లో కూడా మొదటి ఆర్డర్ పడింది. పేరు రాయలేదు గానీ, చిరునామా మాత్రం కొండమీద గుడి వెనక చెరువుగట్టు. వేరే గడప ఉండటం ఎంత పుణ్యమో చూశారా.

ఇక శేషాచలం. నాలుగు పేర్లున్నాయి, వాటిలో పెట్టడానికి సరుకు లేదు. ఉన్నా వచ్చేవాళ్లు లేరు. ఒక్కో అంగడీ తెరిచి చూడటం, ఎవరైనా వచ్చారా అని మూయడం.

నెలరోజులకి ఈరన్న ఫోన్‌లో ఒక చిన్న ఆర్డర్ పడింది. ఒక చెంచాడు తేనె. పంపింది శేషాచలం. కింద రాసే చోట ఎక్కువేం లేదు. ఉన్నది ఒక్క ముక్క: "మామా, ఇక్కడికి ఎవరూ రావట్లేదు."

ఈరన్న లేచి తేనె కుండ దించాడు. ఆ నాలుగు ఖాళీ గడపలూ ఆయనకు తెలుసు మరి. చెంచాడు అడిగితే సీసాడు పోసి, మూతకి చీటీ కట్టాడు. దానిమీద, "బాగున్నావా శేషాచలం."

కలిసి ఒదిగేవాటిని ఒక గడప లోపల గదుల్లో పెట్టుకో, ఒదగనిదాన్ని వేరే గడపకి పంపు, నిన్ను వెతుక్కుంటూ వచ్చే పేరును మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకు.

మల్లన్న చల్లగా చూడాలి. కథ అడవిలోనే ఉంటుంది, మనం ఇళ్లకు పోదాం పదండి.