బొజ్జన్న కట్టిన మడి

ఒట్టేసి చెప్తున్నా, ఈ సంగతి మీరు చచ్చినా నమ్మరు. నమ్మకపోతే నాకేం పోదు గానీ, జరిగింది జరిగినట్టు చెప్తా.

గుట్ట కింద చుక్కమ్మ అని ఒక మేక. ఆమెకో గెనుసుగడ్డల తోట. తోటకో పీడ: పందికొక్కు బొజ్జన్న. వాడు తేన్చితే గుట్ట మీద రాళ్లు దొర్లేవి, అంత తిండిపోతు! రెండేళ్లుగా వాడు కిందనించి కన్నం వేసి దుంపంతా లాగేస్తుంటే చుక్కమ్మకి మిగిలింది బుట్టెడు తీగ. అదీ పోతే తోట మాట మర్చిపోవాల్సిందే.

చుక్కమ్మ పాడుబడ్డ కోళ్లఫారం నించి ఇనప వల ఈడ్చుకొచ్చింది. మోకాలిలోతు మట్టి తీయాలి, అడుగునా పక్కలా వల పరవాలి, మళ్లీ మట్టి పోయాలి. నాలుగు మళ్లు. పనికి ఎద్దు కోటప్ప వచ్చాడు, కుందేలు చిట్టెమ్మ వచ్చింది. బొజ్జన్నా వచ్చాడు. రాకపోతే దొంగెవరో తేలిపోదూ!

“అల్లుడా, తవ్వకంలో నీ అంత పనోడు లేడు. ఆ చివరి మడి నువ్వే కట్టు,” అంది చుక్కమ్మ.

“నువ్వు చెప్పాలా అత్తా! నేను తవ్వితే పాతాళంలో వాళ్లు తలుపేసుకుంటారు. కూలేమిస్తావ్?”

“దుంప తీసిన రోజు చెప్తా. ఎవరి పనికి తగ్గట్టు వాళ్లకి.”

బొజ్జన్న గబగబా తవ్వాడు. వల పక్కలకి మాత్రం నిలబెట్టాడు. అడుగున పరవాల్సిన ముక్కని చుట్టచుట్టి పొదలోకి తోసేసి మట్టి కప్పేశాడు. నా గుమ్మం నేనే మూసుకుంటానా, పిచ్చా నాకు, అనుకున్నాడు.

సాయంత్రం కోటప్ప కాళ్లకి నెత్తురు, చిట్టెమ్మ పాదాలన్నీ వల గీరిన గీతలు. చుక్కమ్మ బొజ్జన్న చేతులు చూసింది.

“ఏం అల్లుడా, నీకొక్క గీతన్నా పడలేదే?”

“పనితనం అత్తా, పనితనం!”

“అవునవును,” అని గడ్డం ఊపింది చుక్కమ్మ.

తీగ నాటారు. దుంప ఊరింది. మిట్టమధ్యాహ్నం అంతా నీడన కునుకు తీస్తుంటే బొజ్జన్న పక్క మడి కిందకి దూరబోయాడు. వల తగిలి పన్ను కదిలింది. తన గుమ్మం బార్లా తెరిచుంటే ఈ తిప్పలెందుకని అటే పోయాడు. రోజూ అటే. ఆఖరికి బావమరుదుల్ని కూడా పిలిచాడు.

“తినండ్రా, మొహమాటపడకండి! ఎవడబ్బ సొమ్మని?”

పైన ఆకు మాత్రం కదలనివ్వలేదు.

దుంప తీసే రోజు వాడి పెళ్లాం రంగి, పదకొండుమంది పిల్లలు బుట్టలు పట్టుకుని దిగారు. చుక్కమ్మ గట్టు మీదకెక్కింది.

“నా మడి నాకు చాలు. మిగతావి ఎవరు కట్టింది వాళ్లదే. తవ్వుకోండి!”

కోటప్ప మడిలో ఒక్కో దుంప దూడంత. చిట్టెమ్మ దుంపని దొర్లించడానికి కుందేళ్ల వీధి మొత్తం రావాల్సొచ్చింది. రంగి తీగ పట్టి లాగింది. తీగ వచ్చింది. తీగే వచ్చింది.

“దొంగతనం! నా మడి ఎవరో కిందనించి తినేశారు!” బొజ్జన్న గుండెలు బాదుకున్నాడు.

“కిందనించా? అడుగున వల పరిచావుగా బావా?” అన్నాడు కోటప్ప.

పరిచానంటే దొంగ దూరే దారే లేదు. పరవలేదంటే దొంగ తనే.

“తవ్వి చూద్దామా అల్లుడా?”

“వద్దత్తా… ఈసారి సరిగ్గా ఊరలేదేమో.”

రంగి ఆగుతుందా? తవ్వేసింది. వల లేదు. తొక్కలున్నాయి, వాటి మీద పంటిగాట్లు చూడగానే తన అన్నదమ్ములవని పోల్చేసింది.

“వాళ్లకి విందు, నా పిల్లలకి తొక్కలా!” అని ఖాళీ బుట్ట వాడి నెత్తిన బోర్లించి, ఆ బుట్ట మీదే నాలుగు వాయించింది.

పనిలో కంత వదిలినోడు ముందు తన కూలే తినేస్తాడు. ఇదీ నీతి.

అబద్ధమంటారా? సరే, పోయి ఏ పందికొక్కునైనా ఆపి గెనుసుగడ్డల సంగతి అడగండి. పారిపోకుండా నిలబడి జవాబు చెప్పిందా, ఇదిగో నా మీసం, గొరిగించేసుకుంటా!