రెల్లువాగు మీద రెండు గిజిగాళ్ల ఊళ్లు

వానకోన అడవిలో మబ్బులు చెట్ల నెత్తిన కూర్చుని కునుకు తీసేవి. అక్కడ నెమళ్లు, ఉడుతలు, కుందేళ్లు ఉండేవి. రెల్లువాగుకు ఇరుపక్కలా రెండు తుమ్మచెట్లు, వాటి నిండా గిజిగాళ్ల గూళ్లు. గాలి వీస్తే ఆ రెండు ఊళ్లూ ఊయలూగేవి. చూస్తుంటే హాయిగా నిద్ర ముంచుకొచ్చేది.

తూర్పు చెట్టుకు పెద్ద పసిడితల. పడమటి చెట్టుకు పెద్ద బుల్లిముక్కు.

గిజిగాళ్లలో ఒక ఆచారం ఉంది. మగపక్షి గూడు సగం అల్లి ఆపుతుంది. ఆడపక్షి వచ్చి చూసి, నచ్చితేనే మిగతా సగం. నచ్చకపోతే అంతే సంగతులు!

పోయిన ఏడు పసిడితల గూడు ఎవరికీ నచ్చలేదు. పాపం, ఈసారైనా తన గూట్లో పిల్లల కిచకిచ వినాలని అతని ఆశ. అందుకు తన చెట్టే అన్నిటికంటే పెద్ద ఊరు కావాలనుకున్నాడు.

గిజిగాళ్లు రెల్లు ఆకు నుంచి ఒక్కో పీచే చీల్చుకుంటాయి. గడ్డిని బతకనిస్తాయి. పసిడితలకు అంత ఓపిక ఎక్కడిది?

"మొవ్వుతో సహా కొరికేయండి!" అన్నాడు తన చెట్టువాళ్లతో.

గూళ్లు గుత్తులు గుత్తులుగా వేలాడాయి. మొవ్వు పోయిన గడ్డి మళ్లీ చిగురించక తూర్పు ఒడ్డు బోడి అయింది. అప్పుడు వాళ్లు పడమటి ఒడ్డు మీద పడ్డారు.

"అన్నా, ఒక్కో పీచే తీసుకో. అందరికీ సరిపోతుంది" అన్నాడు బుల్లిముక్కు.

"నీ ఊరుంటే నా ఊరికి ఎవరొస్తారు? తప్పుకో!" అన్నాడు పసిడితల.

గడ్డి అంతా పోయాక పడమటివాళ్లు చేసేది లేక వాగు వెంట కిందికి ఎగిరిపోయారు. అక్కడ మరో చెట్టు చూసుకుని మళ్లీ అల్లుకున్నారు.

కొన్నాళ్లకు తూర్పు గూళ్లు ఎండి పాలిపోయాయి. సరిగ్గా అప్పుడే మంచుతెరలోంచి ఆడపక్షుల గుంపు దిగింది. వాటిలో చారలమ్మ పసిడితల గూటిని ముక్కుతో తట్టి చూసింది.

"ఇది ఎండిపోయింది కదయ్యా! మిగతా సగం దేనితో అల్లుతావు?"

చారలమ్మ వాగు అవతలికి చూసింది.

"ఎదుటి చెట్టువాళ్లేరి?"

"నేనే వెళ్లగొట్టాను. ఇప్పుడు మాకు పోటీయే లేదు!"

"పోటీ లేదు సరే. పాము వస్తే ఆ ఒడ్డు నుంచి కేకేసేదెవరు? పక్క ఊరే బతకని చోట నా పిల్లలు బతుకుతారా?"

గుంపంతా రివ్వున వాగు కిందికి వెళ్లిపోయింది. పసిడితల అనుచరులూ తల వంచుకుని వెనకే వెళ్లారు.

బుల్లిముక్కు వాళ్లను తిట్టలేదు. "ఇక్కడ మా ఎదుటి చెట్టు ఖాళీగా ఉంది, అక్కడ ఊరు కట్టుకోండి. ఒక్కో పీచే సుమా!" అన్నాడు. ఆ వానల్లో రెండు చెట్లూ పిల్లలతో నిండాయి.

పసిడితల సిగ్గుతో ఎక్కడికీ వెళ్లలేదు. ఎండుగూట్లో ఒంటరిగా ఊగుతూ ఏడ్చాడు. గాలి అటు నుంచి వీచినప్పుడు, ఎవరి పిల్లలవో కిచకిచలు సన్నగా వినబడేవి.

నీతి: గడ్డి మొవ్వునూ, పక్క ఊరినీ బతకనిచ్చిన ఊరే పదికాలాలు నిలుస్తుంది.