బాతు గుడ్ల మీద పూలమ్మి

నది నడుమ ఒక లంక ఉంది. లంకంతా బాతులదే. ఈతలో గానీ, నడకలోని వయ్యారంలో గానీ, తమ గురించి తాము చెప్పుకోవడంలో గానీ ఆ బాతులకు సాటి లేదు. ఒక్క గుడ్ల మీద కూర్చోవడం మాత్రం వాటికి చేతకాదు. కూర్చున్న కాసేపటికే నీళ్ల చప్పుడు వినబడుతుంది, లేచి వెళ్లిపోతాయి. అందుకని గట్టు మీది ఊళ్ల నుంచి కోడిపెట్టల్ని పనికి పిలిపించుకునేవి. పిలిపించుకుంటున్నామని మాత్రం ఒకరితో ఒకరు అనేవి కావు. మా గుడ్లు మేమే పొదుగుతాం అనడమే అక్కడ పరువు.

పూలమ్మి అనే పెట్ట అలా వచ్చిందే. ఆ ఏడు వరదకు గట్టు మీద గింజ కరువైంది. ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి, కళ్లు మూసుకుని, ఎంతో దయగా పని ఊసు చెప్పింది. ముత్యాంబగారనే బాతు ఇంట గూట్లో ఉన్న గుడ్లన్నీ పిల్లలైతే చాలట, నూకల మూట మోయలేక మోసుకుంటూ వచ్చేయొచ్చట. పూలమ్మి తన ఒక్కగానొక్క కూతుర్ని అక్క దగ్గర వదిలింది. నువ్వు పొదుగుడుకు కూర్చునే నాటికి నీ పక్కనుంటానని పిల్లకు మాటిచ్చి, లంక మేతకు ఈదుకొచ్చే గేదె వీపెక్కి ఏరు దాటింది.

లంక రేవుకు కాపలా కాటయ్య అనే కుక్క. బయటి నుంచి పనికొచ్చిన వాళ్ల కాలికి ఎర్రదారం కట్టేది ఆయనే. పని లేనివాళ్లు లంకలో ఉండకూడదు, దారం చూపించకుండా రేవు దాటకూడదు. ఆ రెండే అక్కడి కట్టుబాట్లు. పూలమ్మి ఇల్లు చేరీ చేరగానే ముత్యాంబగారు ఆ దారం ముక్కుతో విప్పి తన రెక్క కింద దాచేసింది.

"నువ్వు పారేసుకుంటావే. నా దగ్గరుంటే భద్రం" అంది. "ఇక పెరడు దాటకు. దారం లేని కోడి కనిపిస్తే కాటయ్య మెడ కొరికేస్తాడు."

గుడ్లు పిల్లలవుతున్నాయి గానీ గూడు మాత్రం ఖాళీ కావడం లేదు. పూలమ్మి మేతకు లేచినప్పుడల్లా ముత్యాంబగారు మెత్తగా వచ్చి ఇంకో గుడ్డు దొర్లించి పోయేది. ఇదేమిటండీ అని అడిగితే, గుడ్లన్నీ పిల్లలైతేనే కదా మన మాట అనేది. నిజమే, మాట అదే. ఎంత తియ్యటి మాటైనా ఇలా వాడుకుంటే చేదెక్కుతుంది. పూలమ్మి రొమ్ము ఈకలు రాలిపోయాయి, తురాయి పాలిపోయింది.

దాన్ని ఏరు దాటించిన గేదె పేరు సూరమ్మ. రోజూ కంచె మీంచి తల పెట్టి ఊరి కబుర్లు చెప్పిపోయేది. ఆ రోజు మాత్రం కాస్త నసిగి చెప్పింది. పూలమ్మి కూతురు గుడ్లు పెట్టడం మొదలుపెట్టిందట. ఎలా కూర్చోవాలో తెలియక వాటి చుట్టూ తిరుగుతూ, అమ్మ ఏదీ అని అడుగుతోందట.

పూలమ్మికి దుఃఖం పొంగుకొచ్చింది. అప్పటికప్పుడు కంచె దూకి పోదామని లేచి, కాటయ్య కోరలు తలుచుకుని మళ్లీ కూలబడింది.

సూరమ్మ నెమరు ఆపింది. "పిచ్చిదానా, దారం కట్టింది కాటయ్య గానీ మీ బాతమ్మ కాదు. నీకిక్కడ పని ఉందా లేదా, ఆయనకు కావాల్సింది అంతే. లేదని మీ అమ్మగారి నోటితోనే అనిపించు, దారం ఆయనే ఇప్పిస్తాడు."

"ఆవిడెందుకంటుంది అక్కా?"

సూరమ్మ మళ్లీ నెమరేసుకుంటూ వెళ్లిపోయింది. పూలమ్మి ఆ మాటను కూడా గుడ్లతో పాటే కిందేసుకుని కూర్చుంది.

తొలి ఈత రోజు వచ్చింది. బాతులకు అది పెద్ద పండగ. పిల్లల్ని రేవుకు తెచ్చి, తల్లి నీళ్లలో కాలు పెట్టి, వీటిని పొదిగింది ఎవరో అందరి ముందూ చెప్పాలి. నీళ్లలో కాలు పెట్టి అన్న మాటను వెనక్కి తీసుకోవడమంటే ఇక లంకలో తలెత్తుకోలేకపోవడమే. తీరా బయల్దేరేసరికి పిల్లలు ముత్యాంబగారి వెంట ఒక్క అడుగు వేయలేదు. అవి కళ్లు తెరిచి చూసింది పూలమ్మిని, ఆవిడెవరో వాటికేం తెలుసు?

"సరే, నువ్వూ వచ్చి ఏడువు" అంది ముత్యాంబగారు విసుక్కుంటూ. "దారిన పోయేదానిలా కాస్త ఎడంగా నడు. నోరెత్తావంటే దారం ఏట్లో పడేస్తా."

రేవులో లంకంతా పోగైంది. కాటయ్య తోకైనా కదపకుండా, ఎవరు పొదిగారమ్మా అని అడిగాడు. ముత్యాంబగారు నీళ్లలో కాలు పెట్టి, మెడ సాచి, తానే అంది. ఎండనక వాననక ఏటి వంక కన్నెత్తైనా చూడకుండా కూర్చున్నానంది. ఇళ్ల దగ్గర తలొక కోడిని దాచుకున్న బాతమ్మలంతా ఔనౌనని తలలూపారు.

పూలమ్మికి ఒళ్లు మండింది. ఆ మంటలోనే దారీ కనబడింది. ముందుకు నడిచి, కోరలకు అందేంత దగ్గరగా వెళ్లి నిలబడింది.

"కాటయ్యగారూ, పొదగడానికని కదండీ నన్ను లంకలోకి రానిచ్చారు. పొదిగింది అమ్మగారే అంటున్నారు. మరి నాకిక్కడ ఏం పని ఉన్నట్టండీ?"

కాటయ్య ముత్యాంబగారి వైపు తిరిగాడు. "ఈ పెట్ట మీ గుడ్ల మీద కూర్చుందా అమ్మా?"

ముత్యాంబగారు నీళ్లలోని తన కాలిని చూసుకుంది. చుట్టూ ఉన్న ముఖాల్ని చూసింది. "ఛ, నా గుడ్ల మీద కోడా? పెరట్లో గింజలేరుకు తింటూ తిరుగుతుందంతే. దానికి నా ఇంట ఏ పనీ లేదు."

"అయితే దాని కాలికుండాల్సిన దారం ఇలా ఇచ్చేయండి. పని లేనివాళ్లు లంకలో ఉండకూడదు. ఇప్పుడే ఏరు దాటించేస్తాను."

పొదిగిందెవరో కాటయ్యకు తెలియక కాదు, బోసిపోయిన పూలమ్మి రొమ్ము చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ముత్యాంబగారు రెక్క ఎత్తి దారం తీసింది. నూకల మూట సంగతి పూలమ్మి ఎత్తలేదు. ఎత్తితే పొదిగినట్టు ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే మళ్లీ ఆ గూట్లోకే పోవాలి. కష్టం నీళ్లపాలైందని ఏడుపొచ్చినా దిగమింగుకుంది.

అంతలో పిల్లలు బిలబిలమంటూ ఏట్లోకి దూకాయి. నీళ్లంటే మునిగిపోవడమే అని తెలిసిన జాతి కదా, పూలమ్మి ప్రాణం పోయినంత పనైంది. రండర్రా రండర్రా అంటూ ఒడ్డు పొడవునా పరుగెత్తింది. అవేమో హాయిగా తేలుతున్నాయి. ఒకటి మాత్రం వెనక్కొచ్చి, తడి ఒంటితోనే దాని రెక్క కింద దూరింది. పూలమ్మి దాన్ని ముక్కుతో నిమిరింది.

"పో నాయనా, నీకు ఈత వచ్చు. నాకోసం మా పిల్ల చూస్తోంది" అని మెల్లగా నీళ్లలోకి నెట్టి, సూరమ్మ వీపెక్కింది.

ముత్యాంబగారు ఇంటికి పోయి, ఇంకో కోడిని పంపమని కొంగకు కబురు పెట్టబోయింది. ఈలోపే ఇరుగు పొరుగు బాతమ్మలు కోడళ్లను వెంటబెట్టుకుని వచ్చేశారు. పొదగడం ఎలాగో మా పిల్లలకు మీరే చూపించాలి అంటూ గూటి చుట్టూ చతికిలబడ్డారు. గూట్లో గుడ్లు వెచ్చదనం కోసం ఎదురుచూస్తున్నాయి. ముత్యాంబగారు ఎక్కి కూర్చుంది. కాసేపటికి నీళ్ల చప్పుడు విని సగం లేచింది. కోడళ్లంతా ఒక్కసారే తలెత్తి చూశారు. మళ్లీ కూర్చుంది.

పని చేసినవాళ్ల పేరు దాచేవాళ్లకు వాళ్లను పట్టి ఉంచే హక్కు కూడా ఉండదు.