తడవని ఫెల్ట్

వైకుంఠరావు కట్టిన బ్యాటరీ నడుస్తోంది గానీ, ఎక్కించిన కరెంటులో సగమైనా తిరిగివ్వడం లేదు.

అది ఇళ్ళల్లో వాడే రకం కాదు. రెండు పీపాల నిండా వెనేడియం ద్రావణం ఉంటుంది. పంపులు దాన్ని నల్లటి కార్బన్ ఫెల్ట్‌లోంచి పారిస్తాయి. చూడ్డానికి కంబళిముక్కలా ఉండే ఆ ఫెల్ట్‌లోనే అసలు పనంతా జరుగుతుంది. దాన్ని వైకుంఠరావే ఏరికోరి తెప్పించాడు. ద్రావణం కలిపింది మాత్రం తోటి పరిశోధక విద్యార్థి యాకూబ్.

"తేడా ద్రావణంలోనే ఉంది మేడం," అన్నాడు వైకుంఠరావు, ప్రొఫెసర్ సుభద్రమ్మతో. "యాకూబ్‌ని ఈ పనిలోంచి తప్పించండి. అతను కలిపినన్నాళ్ళూ ఇది బాగుపడదు."

యాకూబ్ అక్కడే సింకు దగ్గర ఉన్నాడు. అడిగినప్పుడల్లా మళ్ళీ కొత్తగా కలిపిచ్చినవాడే. తలెత్తకుండా గాజుకుప్పె కడుగుతూ ఉండిపోయాడు.

సుభద్రమ్మ యాకూబ్ వైపు చూడలేదు. "నీ ఫెల్ట్ ముక్క ఒకటి ఇలా తే," అంది.

వైకుంఠరావు తెచ్చాడు. ఆమె దానిమీద ఒక నీటిచుక్క వేసింది. చుక్క ముత్యంలా గుండ్రంగా నిలబడింది. ముక్కను కాస్త వంచింది. చుక్క దొర్లి బల్లమీద పడింది. ఫెల్ట్ పొడిగానే ఉంది.

"సరుకు నాణ్యమైనదే మేడం," అన్నాడతను.

"నాణ్యమైనదే. ఎవర్నీ లోపలికి రానివ్వడం లేదు, అంతే."

ముక్కను తీసుకెళ్ళి ఫర్నేస్‌లో పెట్టింది. మర్నాడు పొద్దున బయటికి తీసి, తూచమని అతనికిచ్చింది. బరువు కొంచెం తగ్గింది.

"కొంత కాలిపోయింది మేడం," అన్నాడు నొచ్చుకుంటూ.

"ఆఁ, కాలింది. ఇప్పుడు నువ్వెయ్యి చుక్క."

వేశాడు. చుక్క కనిపించలేదు. ఇంకోటి వేశాడు. అదీ ఇంకిపోయింది. తడి ముక్కంతా పాకింది.

ఆ వారంలోనే మిగతా ఫెల్టంతా అలాగే కాల్చి, బ్యాటరీ మళ్ళీ బిగించాడు. పీపాల్లో యాకూబ్ కలిపిన పాత ద్రావణమే. పంపులు తిరిగాయి. ఎక్కించిన కరెంటు ఈసారి చాలామటుకు తిరిగొచ్చింది.

మీటరు చూసి సుభద్రమ్మ తలూపింది. "మరి యాకూబ్ సంగతేం చేద్దాం?"

వైకుంఠరావు లేచి, మూలనున్న స్టూలు తెచ్చి తన స్టూలు పక్కన వేశాడు.

"రా యాకూబ్," అన్నాడు.